పేజీకి పది కళ్ళజోళ్ళు

"అమ్మా, తలుపు తియ్యి! నిన్నే! అమ్మా!"

మా వదిన ఆ తలుపు బాదడం మొదలుపెట్టి ముప్పావు గంట దాటింది. మొదట వేలి కణుపుతో తట్టింది, తర్వాత అరచేత్తో కొట్టింది, ఇప్పుడు పిడికిలికి దిగింది. లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"చూశావా నీ నిర్వాకం?" అని నా వైపు తిరిగింది. "ఇవాళ గురువారం. సాయంత్రం అయిదింటికి రిహార్సలు, ఆదివారం కచేరీ. సెల్లో వాయించాల్సిన మనిషి గడియ పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు నీ కడుపు చల్లగా ఉందా రబ్బరమ్మా?"

రబ్బరమ్మ అంటే నేనే. వదిన పెట్టిన పేరే అది. వదిన మా ఆయనకి అక్క. వయోలా వాయిస్తుంది. ఈ సీజను పదమూడు వారాల మాస్టర్‌క్లాసులూ ఆవిడ చేతి మీదుగానే నడుస్తున్నాయి కాబట్టి మా ఇల్లు కూడా ఆవిడ చేతి మీదుగానే నడవాలని ఆవిడ గట్టి నమ్మకం.

"నేను కావాలని చేశానా వదినా?"

"కావాలని చెయ్యకపోతే మాత్రం? పోయినవి తిరిగొస్తాయా?"

తప్పు నాదే. అది ఒప్పుకుని రెండు గంటలైంది, అయినా వదలరే!

ఈ ఇంట్లో ఏ వాయిద్యమూ రానిదాన్ని నేనొక్కదాన్నే. మామయ్యగారు పియానో, అత్తయ్య సెల్లో, మా ఆయన వయొలిన్. నేను కచేరీ హాల్లో సంగీతం రాసిన షీట్లుండే గదిలో పనిచేస్తాను. హాలు వాళ్ళు బయట్నుంచి అద్దెకు తెప్పించే షీట్ల మీద వాయించేవాళ్ళు పెన్సిలుతో ఏవేవో రాసుకుంటారు. తిరిగి పంపేటప్పుడు ఒక్క గీత కూడా ఉండకూడదు. మెత్త రబ్బరుతో ఒకే వైపుకి తుడిచి, గడ్డం గీసుకునే కుంచెతో పొడి దులిపి, కట్ట కట్టి పంపడం నా పని. పదకొండేళ్ళుగా ఒక్క కట్ట వెనక్కి రాలేదు. నా గొప్ప అదొక్కటే, అదే నా కొంప ముంచింది.

పోయిన వారం హాల్లో అతిథులు వాయించిన పాటే ఆదివారం మా వాళ్ళు వాయిస్తున్నారు. అదే ముద్రణ, అవే నీలం అట్టలు. సీజను చివర కదా, పని తెమలక నాలుగు పుస్తకాలూ ఇంటికి తెచ్చుకున్నాను. నిన్న భోజనాల బల్ల మీద పరుచుకుని, ఒక పక్క హాలు మేనేజరుతో ఫోన్లో పోట్లాడుతూ తుడిచేశాను. నాలుగు తెచ్చినదాన్ని అయిదు తుడిచాను.

అయిదోది, ఆ బల్ల మీదే ఉన్న అత్తయ్యది.

తుడిచేటప్పుడు నవ్వుకున్నాను కూడా. తలెత్తి పక్కవాళ్ళని చూడాల్సిన చోట వాయించేవాళ్ళు కళ్ళజోడు బొమ్మ వేసుకుంటారు. రెండు సున్నాలూ మధ్యలో ఒక గీతా. మామూలుగా పుస్తకం మొత్తానికి అయిదో ఆరో ఉంటాయి. ఇందులో పేజీకి పది కళ్ళజోళ్ళు, ఒక్కోదానికి ఒక్కో బాణం గుర్తు. ఎవరో పిరికి మనిషి అనుకుని శుభ్రంగా తుడిచిపారేశాను.

పొద్దున కాఫీ దగ్గర అత్తయ్య పుస్తకం తెరిచింది. మూడు పేజీలు తిప్పింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నన్నొక్క మాట అనకుండా పుస్తకం పట్టుకుని గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

"ఒరేయ్, నువ్వైనా పిలవరా!" వదిన తమ్ముడి మీద పడింది.

మా ఆయన సోఫాలో కూర్చుని వయొలిన్ శ్రుతి చేసుకుంటున్నారు. ఆయనకదొక రోగం. అక్కకీ పెళ్ళానికీ మాట పెరిగిందంటే చాలు, తీగలు సవరించుకుంటూ కూర్చుంటారు. ఈ సీజన్లో ఆ వయొలిన్ శ్రుతి తప్పే ఖాళీయే దొరకలేదు పాపం.

"పిలిచాను కదక్కా. పలకట్లేదు."

"ఎక్కడ పిలిచావు? గొణిగావు. మీ అందరితో నేను వేగలేను. నువ్వేమో మూగనోము. నాన్నేమో ఈ ఏడు పియానో ముందు కోడి రెక్కలు కొట్టుకున్నట్టు భుజాలెగరేస్తున్నాడు, చూసేవాళ్ళు నవ్వుతున్నారు. అమ్మకేమో అలక. మన కుటుంబం ఇరవై అయిదో కచేరీ అని ఊరంతా టముకు వేసిందాన్ని నేను!"

మామయ్యగారు పియానో పక్క కుర్చీలోంచి ఒక్కసారి గద్దించారు.

"ఆ తలుపు బాదడం ఆపు ముందు! విరగ్గొడతావా ఏం? పొద్దుట్నుంచీ చెప్తున్నాను, కొట్టి ఏం లాభం? చెవిటివాడి ముందు శం..."

అని ఎందుకో ఆగిపోయి, పక్కనున్న నీళ్ళ గ్లాసు ఎత్తి గటగటా తాగేశారు. "ఎప్పుడు రావాలో తనకి తెలుసు. తనే వస్తుంది. నన్ను విసిగించకండి."

"మీరెప్పుడూ ఇంతే నాన్నా. మీ ఇద్దరూ ఒకటి, మేం పరాయివాళ్ళం," అంటూ వదిన మళ్ళీ తలుపు మీద పడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు చేసినందుకు ఎన్నిసార్లు క్షమించమనాలి? మా గదికీ వాళ్ళ గదికీ కలిపి ఒకటే బాల్కనీ. గోడ పక్కన ఆరేసిన దుప్పట్లు తప్పించుకుంటూ వెళ్ళాను. కిటికీలోంచే కాళ్ళు పట్టుకుంటాను, ఆ తర్వాత ఆవిడ ఇష్టం అనుకున్నాను.

బాల్కనీ తలుపు తెరిచే ఉంది.

అత్తయ్య వెలుతురుకి ఎదురుగా, గది తలుపుకి వీపు పెట్టి కూర్చునుంది. ఒళ్ళో నీలం అట్ట పుస్తకం. చేతిలో పెన్సిలు. మొహంలో కోపం లేదు, అలకా లేదు. లెక్క తెగని పిల్లలా పెదవి కొరుక్కుంటూ ఏదో గీస్తోంది.

ఆవిడ వెనకాల తలుపు దడదడలాడుతోంది. గోడకున్న ఫొటో ఊగుతోంది. "అమ్మా! అమ్మా!" అని వదిన గొంతు నాకు బాల్కనీలోకి వినపడుతోంది.

అత్తయ్య తల కూడా తిప్పలేదు.

అక్కడే ఆగిపోయాను. రెండు వారాల కిందటి మాస్టర్‌క్లాసు గుర్తొచ్చింది. ఒక పిల్ల వాయిస్తుంటే ముందు వరసలో ఎవరిదో ఫోను మోగింది, ఆపకుండా నిమిషం పాటు. హాలంతా తిరిగి చూసింది. అత్తయ్య మాత్రం ఆ పిల్ల చేతి మీంచి చూపు తిప్పలేదు. "ఏం ఏకాగ్రతండీ మీ అత్తగారిది!" అని అందరూ నాతో అన్నారు. నేనూ గొప్పగా తలూపాను.

నేను వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ అదిరిపడింది. పెన్సిలు జారి కింద పడింది.

"ఎటునుంచి వచ్చావే అమ్మాయ్?"

గది తలుపు వైపు వేలు చూపించాను. ఆవిడ వెనక్కి తిరిగి, ఊగుతున్న ఫొటో చూసింది. మళ్ళీ నా మొహం వైపు తిరిగింది.

"తలుపు కొడుతున్నారా?"

తలూపాను.

"చాలాసేపట్నుంచా?"

మళ్ళీ తలూపాను. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడవకు. ఏడిస్తే నీ పెదాలు నాకు అర్థం కావు," అంది అత్తయ్య.

బయటికి వినపడకూడదని గొంతు లేకుండా పెదాలతోనే అడిగాను, ఎన్నాళ్ళ నుంచీ అని.

"కుడి చెవి పోయి రెండేళ్ళు. ఎడమది ఈ సీజను మొదట్లో తలుపేసుకుంది. డాక్టరు మిషను ఇచ్చాడు. పెట్టుకుంటే మాటలు కాస్త తెలుస్తాయి గానీ పియానో రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంటుంది. తీసి బీరువాలో పడేశాను."

"మరి ఎలా వాయిస్తున్నారు?"

"నాది నాకు తెలుస్తుందే. సెల్లో మోకాళ్ళ మధ్య అదురుతుంది కదా, మోకాళ్ళకి తెలుస్తుంది, రొమ్ముకి తెలుస్తుంది. యాభై ఏళ్ళ వేళ్ళు, వాటి దారి వాటికి తెలుసు. తెలియనిది మీ వాళ్ళదే. ఎవరు ఎక్కడున్నారో చూసి పట్టుకోవాలి. అందుకే ఆ కళ్ళజోళ్ళు. ఎడమ బాణం అంటే మీ మామయ్య, కుడి బాణం మీ వదిన, పై బాణం మీ ఆయన. మూణ్ణెల్లు కూర్చుని ఒక్కొక్కటీ వెతుక్కుని వేసుకున్నాను."

మూణ్ణెల్ల పని. నేను ఒక ఫోను కాల్లో తుడిచేశాను.

"అత్తయ్యా, ఇంత దాచుకుని ఏం బావుకుందామని? మామయ్యగారికి చెప్పాలి కదా!"

ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. సెల్లో వాయించే చెయ్యి, ఇనప పట్టు.

"ఆయనకి తెలియకూడదు. తెలిసిందా, ఆ పియానో మూత వేసేస్తారు. నేను లేకుండా ఆయన జన్మలో ఒక్క కచేరీ చెయ్యలేదు. నేను పోయినా వాయించే మనిషే, నాకు వినపడకపోతే వాయించరు. ఆదివారం ఒక్కటీ అయిపోనీ. ఇరవై అయిదోది. ఆ తర్వాత నేనే చెప్పుకుంటాను. ప్రమాణం చెయ్యి."

నాకు కోపమొచ్చింది. ఇదెక్కడి న్యాయం? పొద్దుట్నుంచీ ఇంట్లో దోషిని నేను, ఇప్పుడు దొంగని కూడా నేనే అవ్వాలా? కానీ ఆ పుస్తకం తుడిచింది నేనే. ప్రమాణం చేశాను.

ఇక పని మొదలుపెట్టాం. అత్తయ్య పెన్సిలు ఒత్తి రాసే మనిషి. సీసం పోయినా కాగితం మీద గాడి ఉంటుంది. పేజీని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే సన్నగా కనపడుతుంది. తుడిచేవాళ్ళకి తెలిసిన సంగతే ఇది. గాడి మిగిలితే ఎవరికీ అడ్డం కాదని వదిలేస్తాం. నేను వెతుకుతుంటే ఆవిడ గీసింది. మధ్యలో ఆవిడ అలిసిపోతే నేనే గీశాను.

మధ్యాహ్నానికి మూడు వంతులు దొరికాయి. దొరకనివి దొరకలేదు, ముఖ్యంగా మూడో భాగం మొదట్లో. అక్కడ సెల్లో ఒక్కటే మొదలుపెట్టాలి, మామయ్యగారు కుదురుకున్నాక.

"దీనికేం చేద్దాం?" అంది అత్తయ్య.

"పేజీలు తిప్పేది నేనే కదా! మామయ్యగారి పక్కనే నిలబడతాను. ఆయన కుదురుకోగానే పేజీ పై మూల పట్టుకుంటాను. అది చూడగానే మీరు ఎత్తుకోండి."

ఆవిడ నవ్వింది. పొద్దుట్నుంచీ మొదటి నవ్వు.

ఒంటి గంటకి ఇద్దరం గడియ తీసుకుని బయటికొచ్చాం. వదిన అరచెయ్యి కందిపోయి ఉంది.

"కొడుకూ కూతురూ పిలిస్తే పలకవు. పుస్తకం పాడుచేసిన కోడలు దొడ్డిదారిన వస్తే మాత్రం మాటలు కలుస్తాయా?"

అత్తయ్య ఆవిడ పెదాలు చూసి, "ఆకలేస్తోంది, అన్నం పెట్టండర్రా," అంది. మామయ్యగారు భార్య మొహం ఒకసారి, నా మొహం ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా బల్ల దగ్గరికి నడిచారు.

అయిదింటికి ముందు గదిలో రిహార్సలు. పియానో కిటికీ పక్కన. దానికి కుడివైపు అత్తయ్య, ఎదురుగా మా ఆయన, ఆ చివర వదిన. నేను మామయ్యగారి పక్కన నిలబడ్డాను.

మొదటి భాగం నల్లేరు మీద బండిలా సాగింది. కళ్ళజోడు వచ్చిన చోటల్లా అత్తయ్య తలెత్తుతోంది. మామయ్యగారి భుజం లేస్తోంది, ఆవిడ కమాను కదులుతోంది. వదిన కూడా మెత్తబడి, "అమ్మ అలిగితేనే బాగా వాయిస్తుందిరా," అంది.

రెండో భాగంలో నేనే చెడగొట్టాను. ఒక దొరకని గుర్తు దగ్గర అత్తయ్య ఎటు చూస్తుందోనని ఆవిణ్ణే చూస్తున్నాను. పేజీ అయిపోయింది, చూసుకోలేదు. మామయ్యగారు ఎడం చేత్తో తనే తిప్పబోయారు. రెండు పేజీలు కలిసి తిరిగాయి. పాట కాస్తా కుప్పకూలింది.

అందరూ ఆగారు. అందరి చేతులూ ఆగడం చూసి అత్తయ్యా ఆగింది.

వదిన వయోలా ఒళ్ళో పెట్టుకుంది. "ఇక చాలు. ఆదివారం పేజీలు నా శిష్యురాలు తిప్పుతుంది. నువ్వు కింద కూర్చుని చప్పట్లు కొట్టు."

"వీల్లేదు వదినా," అన్నాను.

"ఏంటీ?"

"పేజీలు నేనే తిప్పాలి."

"ఎందుకో?"

"అన్నీ చెప్పి చెయ్యలేం."

"అబ్బో! ఒక్క స్వరం రాని మనిషికి ఇంత పట్టుదలా? నిన్న పుస్తకం తుడిచావు, ఇవాళ పేజీలు ఎగరగొట్టావు, ఆదివారం నాటికి పియానో కాళ్ళు ఊడదీస్తావా?"

మా ఆయన శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టారు.

"మీరు ఆ తీగలు వదలండి!" ఆయన మీద అరిచాను. "మీ అక్కయ్య నన్ను నానా మాటలూ అంటుంటే మీకు చీమ కుట్టినట్టైనా లేదా?"

"తప్పుకో అక్కణ్ణుంచి," అంటూ వదిన లేచి వస్తోంది. "నాన్నా, ఆ పేజీలు దాని చేతిలోంచి తీసుకోండి."

"నేను తప్పుకోను!" అని పియానో మీది పుస్తకాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకున్నాను. పేజీ పై మూల.

అత్తయ్య అది చూసింది.

కమాను ఎత్తింది. మూడో భాగం మొదలుపెట్టింది.

"అమ్మా, ఆగు! ఇప్పుడు కాదు," అంది వదిన.

అత్తయ్య పుస్తకంలోకి తల వంచుకుని వాయిస్తోంది. ఎంత చక్కగా వాయిస్తోందో!

"అమ్మా, ఆపమంటున్నాం కదా!" ఈసారి మా ఆయన. నోట్లో నాలుక లేని మనిషి గట్టిగానే అరిచారు.

"అమ్మా!" ఇద్దరూ కలిసి అరిచారు. వదిన అరుస్తూనే వచ్చి పియానోకీ సెల్లోకీ మధ్య నిలబడింది. అత్తయ్య చెయ్యి ఆగలేదు. పొద్దున తలుపు బాదినప్పుడు ఆ వంచిన తల ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. నిశ్చింతగా.

వదిన నోరు తెరుచుకునే ఉండిపోయింది.

అరవనిది మామయ్యగారొక్కరే. చేతులు ఒళ్ళో పెట్టుకుని, చూపు పియానో మీద నుంచి ఎత్తకుండా, నాకు మాత్రం వినపడేంత మెల్లగా అడిగారు.

"నీకెప్పుడు తెలిసిందమ్మాయ్?"

పొద్దున సగంలో మింగేసిన మాట గుర్తొచ్చింది నాకు. "కొట్టి ఏం లాభం" అన్న మాట కూడా. ఊరంతా నవ్వుతున్నా ఈ ఏడు మానని ఆ కోడిరెక్కల భుజాలు గుర్తొచ్చాయి.

"ఇవాళ పొద్దున," అన్నాను. "మీకు?"

"నాకు తెలుసని దానికి తెలియకూడదు," అన్నారు. "తెలిస్తే కమాను కింద పెట్టేస్తుంది."

"ఏంటి నాన్నా? ఏం తెలియకూడదు? ఎవరికి?" అంది వదిన.

నేను అత్తయ్య పుస్తకం వైపు చూశాను. నాలుగో వరస చివర ఒక కళ్ళజోడు, ఎడమ బాణం. అది దొరికిన గుర్తే. నేనే గీశాను. అక్కడ ఆవిడ తలెత్తి ఆయన భుజం చూడాలి. ఇప్పుడు మూడో వరసలో ఉంది.

మామయ్యగారి చేతులు మీటల మీదికి వచ్చాయి. మధ్యలో వదిన, నిలువెత్తు గోడలా.

"వదినా, పక్కకి జరగండి."

"ముందు చెప్పు. అమ్మకేమైంది?"

"తర్వాత చెప్తాను. మీకు దణ్ణం పెడతాను, జరగండి!"

"చెప్పేదాకా కదలను," అంది వదిన, కళ్ళనిండా నీళ్ళతో.

నాలుగో వరస అయిపోయింది. అత్తయ్య తలెత్తింది.